పెంబ్రోక్‌షైర్ తీరబాట: జూన్‌లో పది రోజులు, ఇద్దరం, శాకాహారులం. ఎలా ప్లాన్ చేసుకోవాలి?

నడకపిచ్చి, రెడింగ్

వేల్స్‌లోని పెంబ్రోక్‌షైర్ కోస్ట్ పాత్ మీద నడిచినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి. మొత్తం 186 మైళ్లు, సెయింట్ డాగ్‌మెల్స్ నుంచి ఆమ్‌రాత్ దాకా. జూన్‌లో మాకు దొరికేది రానూపోనూ కలిపి పది రోజులు. భార్యాభర్తలం ఇద్దరమే. శని, ఆదివారాల్లో చదును దారిలో రోజుకు పది, పన్నెండు మైళ్లు సులువుగా నడుస్తాం. కొండదారుల అలవాటు తక్కువ. కారు లేదు. టెంట్ వద్దు, గదుల్లోనే ఉంటాం. ఇద్దరం శాకాహారులం, గుడ్డు కూడా తినం.

అడగాల్సినవి ఇవి. పది రోజుల్లో మొత్తం పూర్తవుతుందా, లేకపోతే ఏ భాగం వదిలేయాలి? ఉత్తరం నుంచి మొదలుపెట్టాలా, దక్షిణం నుంచా? నీళ్లు తీసినప్పుడే దాటాల్సిన చోట్లు రెండున్నాయట, వాటి సంగతేమిటి? మిలిటరీ వాళ్ల కాల్పుల మైదానం ఒకటి దారికి అడ్డం వస్తుందట, నిజమేనా? తిండి సంగతి కూడా చెప్పండి.

స్వాన్సీ తెలుగు

పది రోజుల్లో మొత్తం వద్దండి. ప్రయాణాలు పోను చేతికొచ్చేవి ఎనిమిది రోజులు. అంటే రోజుకు 23 మైళ్లు. ఈ బాటలో మైళ్ల కంటే ఎక్కుడుదిగుడులు ముఖ్యం. ఈ కొస నుంచి ఆ కొసకు ఎక్కే ఎత్తంతా కలిపితే 35,000 అడుగులు. ఎక్కడా పెద్ద కొండ లేదు. అన్నిటికంటే ఎత్తైన చోటు కెమేస్ హెడ్ దగ్గర, అదీ 175 మీటర్లే. అయితే చిన్న వాగు సముద్రంలో కలిసే ప్రతిచోటా నీటిమట్టం దాకా దిగి, మళ్లీ అంత ఎత్తూ ఎక్కాలి. రోజుకు పదిసార్లు అదే పని. చదును నేల మీద పన్నెండు మైళ్లు నడిచేవాళ్లకు ఇక్కడ పది మైళ్లు అంతే అలసట తెస్తాయి.

లెక్క ఇలా వేసుకోండి: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. దానికి మూడో వంతు కలపండి, ఆగడాలకీ తినడానికీ. సెయింట్ డాగ్‌మెల్స్ నుంచి న్యూపోర్ట్ దాకా 16 మైళ్లు, ఎక్కుడు దాదాపు వెయ్యి మీటర్లు. కాగితం మీద దాదాపు ఆరు గంటల యాభై నిమిషాలు. నిజానికి తొమ్మిది గంటలు పడుతుంది. మొత్తం బాటలో కష్టమైన భాగం ఇదే, పైగా మొదటి రోజే వస్తుంది. పాపిట్ సాండ్స్ దాటాక న్యూపోర్ట్ వచ్చేదాకా దారి మీద కొట్టుగానీ కుళాయిగానీ ఉండవు. చాలామంది ఇక్కడే మోకాళ్లు పాడుచేసుకుని మూడో రోజుకు ఇల్లు చేరతారు.

అందుకని ఉత్తర సగం ఒక్కటే పెట్టుకుని తృప్తిగా నడవమంటాను. మొదటి రోజు ప్రయాణం. రెండో రోజు సెయింట్ డాగ్‌మెల్స్ నుంచి కెయిబర్ బే, అక్కడి నుంచి లోపలికి మైలు దూరంలో ఉన్న మోయిల్‌గ్రోవ్ ఊరికి వెళ్లి బస్సెక్కండి. మూడో రోజు మళ్లీ అక్కడికే బస్సులో వచ్చి న్యూపోర్ట్ దాకా. నాలుగో రోజు న్యూపోర్ట్ నుంచి గుడ్‌విక్, పన్నెండు మైళ్లు. ఐదు, ఆరు రోజుల్లో స్ట్రంబుల్ హెడ్ మీదుగా ట్రెఫిన్, దాదాపు ఇరవై మైళ్లు, మధ్యలో పుల్ డెరి దగ్గర ఆపి రెండు రోజులుగా విడగొట్టుకోండి. ఏడో రోజు ట్రెఫిన్ నుంచి వైట్‌సాండ్స్. ఎనిమిదో రోజు వైట్‌సాండ్స్ నుంచి సోల్వా. తొమ్మిదో రోజు సోల్వా నుంచి బ్రాడ్ హేవెన్. పదో రోజు బస్సులో హావర్‌ఫర్డ్‌వెస్ట్, అక్కడ రైలు. మొత్తం ఎనభై ఐదు మైళ్ల దాకా వస్తుంది. ఈ బాటకు పేరు తెచ్చిన చోట్లలో చాలావరకు ఇందులోనే ఉన్నాయి.

రైలు టికెట్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. న్యూపోర్ట్‌లు రెండు. కార్డిఫ్‌కి ముందొచ్చే న్యూపోర్ట్ పెద్ద నగరం, మీ రెడింగ్ రైలు అక్కడ ఆగుతుంది. పెంబ్రోక్‌షైర్ న్యూపోర్ట్ చిన్న ఊరు, దానికి రైలే లేదు. మీరు కార్‌మార్థెన్ దాకా టికెట్ తీసుకోండి. అక్కడి నుంచి కార్డిగన్‌కు 460 నంబరు బస్సు, గంటన్నర. కార్డిగన్ నుంచి సెయింట్ డాగ్‌మెల్స్ నడిచిపోయేంత దగ్గర. బ్రాడ్ హేవెన్‌లు కూడా రెండే. మీకు కావాల్సింది సెయింట్ బ్రైడ్స్ బే ఒడ్డున ఉన్నది. రెండోది దక్షిణాన బోషర్‌స్టన్ పక్కనున్న బీచ్. రెంటి మధ్య ఒక పెద్ద నదీముఖం అడ్డం. గది బుక్ చేసేటప్పుడు పిన్‌కోడ్ చూసుకోండి, అక్కడ పోస్ట్‌కోడ్ అంటారుగా, అది.

ప్రతి రాత్రీ కొత్త ఊళ్లో గది వెతకక్కర్లేదు. తీరం వెంట తిరిగే చిన్న బస్సులు ఈ బాటకు ప్రాణం. కార్డిగన్, ఫిష్‌గార్డ్ మధ్య 405 నంబరు పాపిట్ రాకెట్. ఫిష్‌గార్డ్, సెయింట్ డేవిడ్స్ మధ్య 404 స్ట్రంబుల్ షటిల్. పల్లెదారుల్లో స్టాపు లేకపోయినా చెయ్యెత్తితే ఆపుతారు, మలుపు దగ్గర కాకుండా డ్రైవరుకు దూరం నుంచే కనపడేచోట నిలబడాలి. వేసవి టైంటేబుల్, చలికాలం టైంటేబుల్ వేరు, రూట్లు కూడా ఏడాదికేడాది మారుతుంటాయి కాబట్టి బయల్దేరే వారం కౌన్సిల్ సైట్‌లో ఒకసారి చూడండి. న్యూపోర్ట్‌లో రెండు రాత్రులు, గుడ్‌విక్‌లో రెండు, సెయింట్ డేవిడ్స్‌లో మూడు పెట్టుకుంటే బరువంతా గదిలో వదిలి చిన్న సంచితో నడవొచ్చు.

వీలైనంతవరకు బస్సు పొద్దున్నే ఎక్కండి, సాయంత్రానికి పెట్టుకోకండి. పొద్దున బస్సులో ఆ చివరికి వెళ్లి, మీ గది ఉన్న ఊరివైపు నడుచుకుంటూ రండి. అప్పుడు ఆఖరి బస్సు అందుతుందా అని పరుగు పెట్టే పని ఉండదు. ఎక్కువమంది చేసేది దీనికి తిరగేసి. ఐదింటి బస్సు పోతే మళ్లీ బస్సు రేపే.

తీరం వెంట

పైవారి ప్లాను బాగుంది. దిశ విషయంలో మాత్రం వేరే మాట చెప్తాను. ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి నడిస్తే గాలీవానా ముఖానికి కొడతాయి, మధ్యాహ్నం ఎండ కూడా కళ్లలోకే. బ్రాడ్ హేవెన్‌లో మొదలుపెట్టి సెయింట్ డాగ్‌మెల్స్‌కి వెళ్తే గాలి వెనక నుంచి తోస్తుంది. కష్టమైన ఆ పదహారు మైళ్లు కాళ్లు సర్దుకున్నాక చివర్లో వస్తాయి. గైడు పుస్తకాలు చాలావాటిలో ఉత్తరం నుంచి దక్షిణానికే రాసుంటుంది, వెనక నుంచి చదువుకోవాలి, అంతే ఇబ్బంది. కొండదారి అలవాటు లేనివాళ్లకు ఈ రెండో పద్ధతే మేలని నా గట్టి నమ్మకం.

ఇక ఆటుపోట్లు. మీ పది రోజుల ప్లానులో ఆ రెండు దాటుడు చోట్లూ రావు, అవి బ్రాడ్ హేవెన్‌కి దక్షిణాన ఉన్నాయి. అయినా అడిగారు కాబట్టి, మళ్లీ ఎప్పుడైనా మిగతా సగం నడుస్తారు కాబట్టి చెప్తాను.

ఒకటి డేల్ ఊరి పక్కన ద గాన్. రెండోది అక్కడికి నాలుగు మైళ్ల దూరంలో శాండీ హేవెన్. రెండూ చిన్న కయ్యలు. పోటు మీదున్నప్పుడు దాటే దారి నీళ్ల కింద ఉంటుంది. గాన్‌ని ఆటుకు మూడున్నర గంటలు ముందూ వెనకా దాటొచ్చు. శాండీ హేవెన్‌కి అంత వెసులుబాటు లేదు, రెండున్నర గంటలు అటూఇటూ మాత్రమే. వేళ తప్పితే గాన్ దగ్గర రెండున్నర మైళ్లు, శాండీ హేవెన్ దగ్గర నాలుగు మైళ్లు చుట్టుదారి. చుట్టుదారిలో కొంత రోడ్డు మీదే నడవాలి, కాలిబాట లేని సన్నరోడ్డు.

ఒకే ఆటులో రెండూ దాటాలంటే శాండీ హేవెన్ వేళను పట్టుకుని వెనక్కి లెక్కపెట్టాలి. ఆటు మధ్యాహ్నం ఒంటిగంటకు అనుకోండి. డేల్ వైపు నుంచి వచ్చేవాళ్లు పదకొండింటికి గాన్ దాటితే, నాలుగు మైళ్లు నెమ్మదిగా నడిచినా ఒంటిగంటకు శాండీ హేవెన్‌లో ఉంటారు, ఇంకా రెండున్నర గంటల వ్యవధి చేతిలో ఉంటుంది. రెండున్నరకు గాన్ దాటినవాళ్లు ఆగకుండా నడిచినా నాలుగున్నరకు చేరతారు, అప్పటికి శాండీ హేవెన్ మూసుకుపోయి గంట అవుతుంది.

పొరపాట్లు జరిగేది ఎక్కడంటే, ఆటుపోట్ల వేళల పట్టికలో. మిల్‌ఫర్డ్ హేవెన్ పట్టిక చూడాలి. అచ్చు పట్టికలు చాలావాటిలో వేళలు జీఎంటీలో ఉంటాయి, వేసవిలో గడియారం గంట ముందుంటుంది. పట్టికలో పన్నెండు అని ఉంటే మీ చేతి వాచీలో ఒంటిగంట. ఆ గంట కలపకుండా బయల్దేరినవాళ్లు గంట ముందొచ్చి, నీళ్లు ఇంకా తియ్యలేదని చుట్టుదారి పడతారు. దీనికంటే ప్రమాదం, కలిపేసి ఉన్న పట్టికకు మళ్లీ గంట కలపడం. అప్పుడు పోటు ఎక్కుతుండగా నీళ్లలో దిగుతారు. పట్టిక పైనో కిందో ఏ సమయమో రాసి ఉంటుంది, మొదట అది చదవండి. నీళ్లు మోకాలి దాకా ఉండి లాగుతున్నట్టు అనిపిస్తే వెనక్కి రావడమే.

నెలల ముందే తేదీలు పెట్టుకునేవాళ్లకు మన క్యాలెండరు పనికొస్తుంది. మిల్‌ఫర్డ్ హేవెన్‌లో పౌర్ణమికీ అమావాస్యకీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ పెద్ద ఆటు పట్టపగలు, ఒంటిగంట అటూఇటూగా పడుతుంది. నడకకు సరైన వేళ. రోజుకు సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతూ వెళ్లి అష్టమి నాటికి ఆటు తెల్లవారి, మళ్లీ సాయంత్రం వస్తుంది, మిట్టమధ్యాహ్నం పోటు ఉంటుంది. అంచేత డేల్ దాటే రోజును అష్టమి ప్రాంతంలో పెట్టుకోకండి. ఇది తేదీ ఎంచుకోవడానికే, ఆ రోజు వేళకు మాత్రం పట్టికే చూడాలి.

కొండపల్లి అమ్మాయి

తిండి గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. శాకాహారం దొరకదన్న భయం అక్కర్లేదు. ఇబ్బంది వేళలతోనే. పబ్బుల్లో వంటగది మధ్యాహ్నం రెండు, రెండున్నరకు మూసి మళ్లీ ఆరింటికి తెరుస్తారు, రాత్రి ఎనిమిదిన్నరకల్లా ఆఖరి ఆర్డరు. నడక ఆలస్యమై తొమ్మిదింటికి ఊరు చేరితే చిప్స్ పాకెట్టే భోజనం. సరుకులు న్యూపోర్ట్, గుడ్‌విక్, సెయింట్ డేవిడ్స్‌లో కొనుక్కోండి. ట్రెఫిన్ రాత్రికి ముందే తెచ్చి పెట్టుకోవాలి.

గుడ్డు తినరు కాబట్టి కొన్ని అడిగి తినండి. వెల్ష్ కేక్‌లో గుడ్డు ఉంటుంది, బారా బ్రిత్ అనే ఎండుపళ్ల రొట్టెలో కూడా మామూలుగా వేస్తారు. కౌల్ అనే సూపు అసలు గొర్రెమాంసంతో చేసేది, కూరగాయలది ఉందన్నా ఉడికించిన నీళ్లు దేనివో అడగండి. చిప్స్ కొన్ని దుకాణాల్లో గొడ్డు కొవ్వులో వేయిస్తారు, ఏ నూనె అని అడగడంలో తప్పులేదు, వాళ్లకది మామూలే. లేవర్‌బ్రెడ్ అని సముద్రపు నాచు ముద్ద ఒకటి దొరుకుతుంది. నాచు శాకాహారమేగానీ తరచూ బేకన్ కొవ్వులోనే వేపుతారు. తొక్కతో కాల్చిన బంగాళదుంప, దాని మీద బీన్స్, ఇది ఎక్కడైనా నమ్మొచ్చు.

దాదాపు ప్రతి గదిలో కెటిల్ ఉంటుంది, అందుకని ఇంటి నుంచి ఉప్మా పొడి తీసుకెళ్లండి. సన్నరవ్వ దోరగా వేయించి పక్కన పెట్టండి. నూనెలో ఆవాలు, సెనగపప్పు, జీడిపప్పు, కరివేపాకు, ఎండుమిర్చి తాలింపు వేసి, కరివేపాకు గలగలమనేదాకా మాడకుండా ఉంచి, ఉప్పుతో పాటు రవ్వలో కలిపి పూర్తిగా చల్లారాక డబ్బాకెత్తండి. పచ్చిమిర్చి, ఉల్లిపాయ వద్దు, తడి ఉంటే నాలుగో రోజుకు బూజు పడుతుంది. మనిషికి 80 గ్రాముల పొడికి 250 మిల్లీలీటర్లు సలసల మరిగే నీళ్లు. వేడి నిలిచే మూతడబ్బాలో పోసి, ఒక్కసారి కలిపి, మూతపెట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. బొంబాయి రవ్వ వాడితే లోపల పలుకుగానే మిగిలిపోతుంది. నీళ్లు మరగ్గానే పోయాలి, కెటిల్ ఆపి రెండు నిమిషాలు ఆగినా ఉడకదు. ఎనిమిది ఉదయాలకు ఇద్దరికీ కిలోమూడువందల పొడి చాలు, రోజురోజుకూ బరువు తగ్గుతుంది కూడా.

నీళ్లు రోజుకు మనిషికి రెండు లీటర్లు, సెయింట్ డాగ్‌మెల్స్ భాగానికి మూడు. వాగుల్లో నీళ్లు తేటగా కనపడతాయిగానీ పైనంతా గొర్రెలూ పశువులూ మేసే పొలాలే, తాగకండి.

బూట్లు బురద

మిలిటరీ సంగతి నిజమే. కాజిల్‌మార్టిన్ రేంజి, దక్షిణ తీరంలో. ట్యాంకులు పేల్చే మైదానం. తూర్పు భాగంలో స్టాక్ రాక్స్ నుంచి సెయింట్ గోవన్స్ మీదుగా దారి కాల్పులు లేనప్పుడు తెరుస్తారు. పడమటి భాగంలో మామూలు జనానికి తీరం వెంట దారి లేదు, కాజిల్‌మార్టిన్ ఊరి మీదుగా లోపలి నుంచి తిరిగి పోవాలి. ఎర్రజెండా ఎగురుతుంటే గేటు దాటకూడదు. రక్షణశాఖ వాళ్లు కాల్పుల వేళలు ముందే ప్రకటిస్తారు, శని ఆదివారాల్లో చాలావరకు తెరిచే ఉంటుంది. దారి తప్పి గడ్డిలోకి వెళ్లకండి, పేలని గుండ్లు ఉండొచ్చు. టెన్బీ పక్కన పెనలీ దగ్గర ఇంకో చిన్న రైఫిల్ రేంజి ఉంది, అక్కడా ఎర్రజెండా పద్ధతే.

పెద్దవాళ్లు ఇండియా నుంచి వస్తే తీసుకెళ్లడానికి ఈ బాటంతటిలో ఇంతకంటే మంచి ముక్క లేదు. ఉత్తరాన పలకరాయి, అగ్నిశిల ఎగుడుదిగుడుగా ఉంటే ఇక్కడ సున్నపురాతి కొండ పైభాగం బల్లపరుపుగా ఉంటుంది. మూడున్నర మైళ్ల దాకా ఎక్కుడే లేదు. అంచుల దగ్గర మాత్రం కంచె ఉండదు. స్టాక్ రాక్స్ మీద జూన్‌లో గిల్లెమాట్ పిట్టలు రాతికి రాయి కనపడనంత కిక్కిరిసి ఉంటాయి, జూలై నడిమికి పిల్లలతో సహా సముద్రంలోకి వెళ్లిపోతాయి.

మీ ఉత్తర సగానికి పనికొచ్చేవి కొన్ని. మ్యాపు చాలావరకు ఓఎస్ (బ్రిటన్ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే) ఎక్స్‌ప్లోరర్ ఓఎల్ 35. ఫోన్ సిగ్నలు పల్లపు చోట్ల పోతుంది, మ్యాపు ముందే దింపుకోండి. దారి గుర్తు అకార్న్, అంటే ఓక్ కాయ బొమ్మ. దిగేటప్పుడు కర్రలు రెండూ వాడండి, మోకాళ్లు నిలబడేది వాటితోనే. జూన్‌లో బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క నడుము దాకా పెరుగుతుంది. పొట్టి నిక్కర్లతో వెళ్తే పిడుదులు పట్టుకుంటాయి, వాటితో లైమ్ జబ్బు రావొచ్చు. రాత్రి స్నానం చేసేటప్పుడు మోకాలి వెనక, గజ్జల్లో, నడుము పట్టీ కింద చూసుకోండి. కనపడితే సన్న పట్టుకారుతో చర్మానికి ఆనించి తల దగ్గర పట్టి, మెలితిప్పకుండా నిటారుగా లాగాలి. నూనె రాయడం, అగ్గిపుల్ల పెట్టడం వద్దు, అది ఇంకా లోపలికి కక్కుతుంది. నాలుగు వారాల్లోగా చుట్టూ ఎర్ర వలయంలా పాకితే డాక్టరుకు చూపించండి, యాంటీబయాటిక్‌తో పోతుంది.

దారి కొన్నిచోట్ల దూడలున్న ఆవుల మధ్య నుంచి పోతుంది. మన ఊరి ఆవుల్లా దగ్గరికెళ్లి నిమరబోకండి. తల్లికీ దూడకీ మధ్య నుంచి నడవకుండా, పొలం గట్టు వెంట చుట్టి వెళ్లండి.

నడకపిచ్చి, రెడింగ్

అందరికీ చాలా థాంక్స్ అండి. బ్రాడ్ హేవెన్‌లో మొదలుపెట్టి ఉత్తరానికే వెళ్దామని తేల్చుకున్నాం. ఒక్కటే మిగిలింది. గాలివాన వస్తే ఆ రోజు ఏం చేయాలి? గదులు ముందే బుక్ చేసి ఉంటాయి కదా.

స్వాన్సీ తెలుగు

వాన ఒక్కటే అయితే నడవొచ్చు, గాలి చూడండి. గాలి విసురు గంటకు 40 మైళ్లు దాటుతుందని మెట్ ఆఫీస్ చెప్తే ఆ రోజు కొండకొనల మీదికి వెళ్లొద్దు. బాట అంచుకు అడుగు దూరంలో పోయే చోట్లున్నాయి, వీపున సంచి ఉంటే గాలి దాన్నే పట్టి తోస్తుంది. అంచు కింద మట్టి కోసుకుపోయి, పైన గడ్డి ఒక్కటే మిగిలిన చోట్లు కూడా ఉంటాయి. ఫొటో కోసమైనా బాట వదిలి అంచువైపు పోకండి. వెనక నుంచి వచ్చే గాలి సాయమే అన్నమాట మామూలు రోజులకు, ఇలాంటి రోజుకు చెల్లదు.

ఆ రోజుకు దారులున్నాయి. డీనస్ హెడ్ చుట్టూ బాట మూడు మైళ్లు, అది వదిలేయండి. కుమ్ అర్ ఎగ్లూయిస్, పుల్‌గ్వేలోద్ మధ్య లోయలో మైలు కూడా లేని చదును దారి ఉంది, కొండ ఎక్కకుండానే అటు తేలతారు. స్ట్రంబుల్ హెడ్ రోజైతే 404 బస్సెక్కి తర్వాతి ఊరు చేరిపోవచ్చు. సెయింట్ డేవిడ్స్‌లో ఉన్న రోజైతే కెథీడ్రల్ చూడండి, బ్రిటన్‌లో అన్నిటికంటే చిన్న నగరం ఆ ఊరే.

వదలకూడనిది కెయిబర్ నుంచి కెమేస్ హెడ్ ముక్క. మీ దిశలో అది ఆఖరి రోజు వస్తుంది. రాతి పొరలు అలల్లా మడతపడి కొండ ముఖమంతా కనిపిస్తాయి. ఆ రోజు గాలి ఉంటుందనుకుంటే ముందు రోజుతో మార్చుకోండి. గది న్యూపోర్ట్‌లోనే కాబట్టి ఏ ముక్క ఏ రోజు నడిచినా బస్సు ఒకటే. ఏదైనా జరిగి సాయం కావాలంటే 999కి చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగండి. తీరం మీద జరిగినవాటికి వచ్చేది వాళ్లే. పోలీసు, అంబులెన్సు అంటే మళ్లీ వాళ్లు వీళ్లకే కలపాలి, ఆ కాసేపు పోతుంది.